సూదికి ముందు చెప్పాల్సిన మాట

"ఏం కాదు" అనే జవాబు

మొన్నామధ్య మోకాలి నొప్పికని మా వీధి చివర క్లినిక్‌కు పోతే ఒక నర్సమ్మాయి నాకు సూది వేసింది. చక్కగా వేసింది, చీమ కుట్టినంత నొప్పి కూడా తెలియలేదు. "దీనివల్ల ఏమన్నా అవుతుందా బిడ్డా?" అని అడిగాను. "ఏం కాదు ఆంటీ" అంది, అప్పటికే పక్కనున్నాయన చేతికి దూది రాస్తూ. మర్నాడు నా ముఖం మిరపపండులా ఎర్రబడి చెవుల్లోంచి వేడి ఆవిర్లు వచ్చాయి. ఆ మందుకు అది మామూలే, దానంతట అదే తగ్గుతుందని నాకు తెలుసు కాబట్టి ఇంత మజ్జిగ తాగి కూర్చున్నాను. తెలియని ముసలమ్మ అయితే ఆ పూటే ఇంటిల్లిపాదినీ లేపి, ఇంకో డాక్టరు దగ్గరికి పరుగెత్తించి ఉండేది. ఆ క్లినిక్ గడప మళ్లీ తొక్కేది కాదు.

ఆ పిల్ల మీద కోపం రాలేదని చెప్పను. వచ్చింది. కానీ నేను చదువుకున్న రోజుల్లో మాకు నేర్పింది కూడా ఆ రెండు మాటలే. రోగి అడిగితే "ఏం కాదు" అనాలి, నవ్వుతూ అనాలి. ఆ మాట ఎంత ఖరీదైనదో నాకు తెలియజెప్పింది ఒక మందు, ఒక డాక్టరమ్మ, అజీజ్‌నగర్‌లో ఒక అత్తగారు. నా ఉద్యోగంలో ఎక్కడెక్కడ పనిచేశానో, ఎవరు ఏ కుర్చీ ఎక్కారో చెప్పి మీకు విసుగు పుట్టించను. ఈ ముగ్గురి సంగతి చెబుతాను. నర్సు పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ఇది పుస్తకంలో దొరకదు.

మా గది, మా డాక్టరమ్మ

పందొమ్మిది వందల అరవై తొమ్మిది నాటికి మాది మొయినాబాదులో చిన్న ప్రసూతి గది. పురుడుకు ఒక బల్ల, బాలింతలకు రెండు మంచాలు, వెనకాల మేం ఉండే గది, కిరోసిన్‌తో నడిచే ఒక ఫ్రిజ్. ఆ ఫ్రిజ్‌కు నేను చేసినంత సేవ మా ఆయనకు చేయలేదని ఆయన ఇప్పటికీ అంటారు. అసలు దవాఖాన చేవెళ్లలో. అది నేను పుట్టిన ఊరు, మా అమ్మవాళ్లు అక్కడే ఉండేవారు. డాక్టర్ అనసూయమ్మ గారు చేవెళ్ల నుంచి బస్సులో వచ్చి మా దగ్గర పురుళ్లు చూసి పోయేవారు.

ఆమెది గుంటూరు వైపు. అదే అప్పటి గొడవ, ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఉద్యమం నడుస్తోంది. రోడ్డు మీద రోజూ ఊరేగింపులు, గోడల మీద రాతలు, ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలని నినాదాలు. దాపరికం ఎందుకు, మా తమ్ముడు ఆ ఊరేగింపుల్లో ముందు వరసలో ఉండేవాడు. మా ఉద్యోగాలు మాకు కావాలని నేను కూడా మనస్ఫూర్తిగా అనుకున్నదాన్నే. అదే సమయంలో అనసూయమ్మ గారి చేతి కింద పని నేర్చుకోవడం నా అదృష్టమని కూడా అనుకున్నాను. రెండూ నిజమే. ఒకటి నిజమైతే ఇంకొకటి అబద్ధం కావాలని ఆ రోజుల్లో చాలామంది నాతో వాదించారు, నేను ఎవరితోనూ గెలవలేదు.

డాక్టరమ్మ మనిషి గట్టిది. చెయ్యి మెత్తన, నోరు కరకు. తువ్వాలు సరిగా మడవకపోతే విసిరికొట్టేవారు. ఆమెకు ఒక పట్టుదల ఉండేది: మందు వల్ల వచ్చే బాధలు రోగికి ముందుగా చెప్పకూడదు. "చెబితే లేనివి కూడా వస్తాయి మార్తా. వాంతి అన్న మాట వింటే చాలు, వీళ్లు సూది గుచ్చకముందే వాంతి చేసుకుంటారు" అనేవారు. అందులో సగం నిజం ఉంది. నా బాధంతా మిగతా సగంతోనే.

ఇక మందు సంగతి. బిడ్డ పుట్టి, మాయ పడిన తర్వాత గర్భసంచి పిడికిలిలా బిగుసుకోవాలి. అది బిగుసుకోక వదులుగా ఉండిపోతే నెత్తురు ఆగదు. చూస్తుండగానే మనిషి తెల్లగా పాలిపోతుంది. దానికి అప్పట్లో మా చేతిలో ఉన్న పెద్ద ఆయుధం ఎర్గోమెట్రిన్ సూది. గర్భసంచిని పట్టి బిగిస్తుంది, ఎందరో తల్లుల్ని నిలబెట్టింది. అయితే ఊరికే పోదు. కడుపులో తిప్పి వాంతులవుతాయి. తల పగిలేటంత నొప్పి వస్తుంది. పురుడు అయిపోయిందనుకున్నాక మళ్లీ నొప్పులు మెలిపెడతాయి. కొందరికి రక్తపోటు పెరుగుతుంది, ముందే పెరిగి ఉన్నవాళ్లకు అది ప్రాణాంతకం.

పెద్దకోడలు

అజీజ్‌నగర్ నుంచి బాలమ్మ అనే ఆమె తన పెద్దకోడలు ఈశ్వరమ్మను ఎడ్లబండిలో తీసుకొచ్చింది. ఇప్పుడు ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు చూసి అజీజ్‌నగర్ అంటే అదేననుకుంటున్నారు కానీ, అప్పుడది జొన్నచేలు, కూరగాయల మడులు. బాలమ్మకు అక్కడ మాట చెల్లుబడి ఎక్కువ. సన్నగా, పొడుగ్గా, చెవులకు బరువైన కమ్మలతో, ఎవరు మాట్లాడినా మధ్యలో తన మాట దూర్చే మనిషి. ఆమెను మా దగ్గరికి పంపింది మంత్రసాని సాయమ్మ. ఆ చుట్టుపక్కల పురుళ్లన్నీ ఒకప్పుడు సాయమ్మ చేతి మీదుగానే జరిగేవి. కష్టమైన కాన్పు అనిపిస్తే మా దగ్గరికి పంపడం ఆమెకు మేమే అలవాటు చేశాం.

పొద్దున పురుడు బాగానే అయింది. మగపిల్లవాడు. మాయ పడ్డాక నెత్తురు ఆగలేదు. డాక్టరమ్మ పరుగున వచ్చి సూది అందుకున్నారు. "ఏందమ్మా గది?" అని బాలమ్మ అడిగింది. "ఏం కాదమ్మా, బలానికి" అన్నారు డాక్టరమ్మ. రక్తపోటు చూడాలన్న ధ్యాస ఆ కంగారులో ఎవరికీ రాలేదు. కాసేపటికి గర్భసంచి గట్టిపడింది, నెత్తురు ఆగింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుని చేవెళ్ల బస్సు ఎక్కారు. వైద్యం వరకు చూస్తే అంతా సక్రమమే.

బస్సు పోయిన కాసేపటికే ఈశ్వరమ్మకు వాంతులు మొదలయ్యాయి. రెండు చేతులతో తల పట్టుకుని మంచం మీద అటూ ఇటూ దొర్లింది. బాలమ్మ ముఖం మారిపోయింది.

మా వైపు ఒక నమ్మకం ఉంది. పురుడు తర్వాత పోయేది చెడు నెత్తురని, అది పూర్తిగా పోవాలని, మధ్యలో ఆగితే పైకెక్కుతుందని. బాలమ్మ చూసిందేమిటి? పోతున్న నెత్తురును డాక్టరు సూది పొడిచి ఆపింది. ఆగిన వెంటనే కోడలు కక్కింది, తల పట్టుకుంది. ఆమె లెక్కకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"నెత్తురు నెత్తికెక్కిచ్చిండ్రు గదనే!" అని నా మీద పడింది. "పోయేదాన్ని పోనియ్యక ఆపిండ్రు. ఇగ జూడు, ఎట్ల కొట్టుకుంటున్నదో!"

"మందు గుణమే అవ్వా, తగ్గుతది" అన్నాను.

"మందు గుణమైతే మందేసిన ఆమెకు ఎరుకుంటది గద? ఏం గాదన్నది మరి!"

ఆ మధ్యాహ్నమే కోడలిని బండిలో వేసుకుని పోయింది. ఇంటి దగ్గర ఇంకో పద్ధతి ఉంది, పచ్చి బాలింతకు నీళ్లు ఇవ్వరు. అంత నెత్తురు పోయి, అన్ని వాంతులై, గొంతు తడవకుండా ఈశ్వరమ్మ ఎన్నాళ్లో మంచం దిగలేదు. చివరికి సాయమ్మ చాటుగా గంజి తాగించి లేపింది. మనిషి బతికింది. కానీ ఆమె తలనొప్పి అజీజ్‌నగర్ దాటి, మోకిల, దొంతన్‌పల్లి దాకా పాకింది. ఆంధ్రా డాక్టరు సూది వేస్తే నెత్తురు నెత్తికెక్కుతుందన్నారు. మా గదికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. వచ్చినవాళ్లు గడపలోనే షరతు పెట్టేవారు, "పురుడు జెయ్యుండ్రి, సూది మాత్రం వద్దు."

నెత్తురు పోతున్న మనిషికి సూది వద్దంటే మేం ఏం చేయగలం? పొట్ట రుద్దుతాం, మూత్రం తీస్తాం, బిడ్డను రొమ్ముకు పట్టిస్తాం. చాలామందికి అది సరిపోతుంది. సరిపోనివాళ్లను పట్నం పెద్దాసుపత్రికి పంపాలి. ఆ రోజుల్లో ఏ పూట బస్సు ఉంటుందో, ఏ పూట ఉండదో ఎవరూ చెప్పలేకపోయేవారు. ఏదో ఒకరోజు మా బల్ల మీద ఒక తల్లి, మా ఫ్రిజ్‌లో మందు ఉండగా, మా కళ్ల ముందే పోతుందన్న భయం నన్ను పట్టుకుంది. అప్పటికి నేను కూడా కడుపుతో ఉన్నాను. ఆ భయం ఇంకాస్త లోతుగా దిగింది.

డాక్టరమ్మతో చెప్పాను. "ముందే చెబుదాం మేడమ్."

"చెబితే ఇంకా పారిపోతారు" అన్నారు. ఆ మాటతో సంభాషణ అయిపోయింది.

బంద్ నాటి మధ్యాహ్నం

బస్సులు పూర్తిగా ఆగిపోయిన వారం అది. చేవెళ్లకు తిరిగి పోలేక డాక్టరమ్మ మా వెనక గదిలోనే ఉండిపోయారు. నేను చేసిన జొన్నరొట్టె తినలేక, వద్దనలేక నానా అవస్థ పడుతున్నారు. చౌరస్తాలో కుర్రాళ్లు రాళ్లు అడ్డంపెట్టి కూర్చున్నారు. ఎవరి కంటా పడకుండా ఆమె కిటికీ రెక్కలు మూసుకుని కూర్చునేవారు. ఆమెను అలా చూస్తే నాకు సిగ్గుగా ఉండేది.

ఆ మధ్యాహ్నం బాలమ్మ బండి మళ్లీ మా గుమ్మం ముందు ఆగింది. చిన్నకోడలు యాదమ్మ. ఇంట్లోనే పురుడు పోద్దామని చూశారు, బిడ్డ రాలేదు. ఇక లాభం లేదని సాయమ్మే బలవంతాన బండి కట్టించింది. దారిలో కుర్రాళ్లు రాళ్లు తొలగించి దారి ఇచ్చారట. బాలమ్మ దిగుతూనే చెప్పింది, "సూది మాట ఎత్తితే నా కోడలిని ఎత్తుకపోత."

డాక్టరమ్మ చాలాసేపు కష్టపడి బిడ్డను తీశారు. ఆడపిల్ల. మాయ కూడా పడింది. అలసిపోయిన గర్భసంచి మాత్రం బిగుసుకోలేదు. నా చెయ్యి కింద అది తడిసిన గుడ్డమూటలా మెత్తగా ఉంది. రుద్దాను. కొంచెం గట్టిపడి మళ్లీ వదులైంది. బల్ల మీది గుడ్డలు తడిసి, కిందికి కారడం మొదలైంది. యాదమ్మ పెదవుల రంగు పోతోంది.

డాక్టరమ్మ సూది పట్టుకుని వచ్చారు. బాలమ్మ అడ్డం నిలబడింది.

"వద్దంటి గద! పెద్దదాని నెత్తికెక్కిచ్చిండ్రు, ఇగ దీన్ని గూడ చంపుతరా?"

"చంపేది నువ్వు! తప్పుకో!" అని అరిచారు డాక్టరమ్మ. "మార్తా, ఆవిడ చేతులు పట్టుకో, వేసేస్తాను."

నేను బాలమ్మ చేతులు పట్టుకోలేదు. నా చెయ్యి యాదమ్మ పొట్ట మీదే ఉంచి, ఆమె ముఖం దగ్గరికి వంగాను. అత్తకూ డాక్టరుకూ మధ్య ఆ పిల్లను ఎవరూ ఒక్క మాట అడగలేదు.

"యాదమ్మా, ఇటు జూడు. నెత్తురు బాగ పోతున్నది. ఈ సూది ఏస్తే ఆగుతది. గని ఊకె ఆగదు. కడుపుల తిప్పుతది, కక్కుతవ్. తలకాయ నొస్తది, బాగనే నొస్తది. నొప్పులు మల్ల వచ్చినట్టయితది. గవన్ని వస్తయ్, పోతయ్. నెత్తురు నెత్తికెక్కుడు గాదు, మందు చేసే పని. ఏయమంటవా?"

యాదమ్మ కళ్లు తెరిచింది. "బతుకుతనా?"

"బతికేందుకే."

"ఏయుమను" అంది.

బాలమ్మ నా వైపు చూసింది. కోపం ఉంది, కానీ అందులో ఇంకేదో కూడా ఉంది. "పెద్దదానికి గూడ గిట్లనే అయిందా? గీ సూదికే?"

"గీ సూదికే అవ్వా."

"మరి అప్పుడు ఎందుకు జెప్పలె?"

ఆ ప్రశ్న నన్ను అడగలేదు. డాక్టరమ్మను చూస్తూ అడిగింది. డాక్టరమ్మ ఎత్తిన సూది కిందికి దించారు. తర్వాత, "చెప్పాల్సిందమ్మా" అన్నారు. ఆమె నోటి నుంచి ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు. బాలమ్మ పక్కకు తప్పుకుంది. ఈసారి సూదికి ముందు రక్తపోటు కూడా చూశాం, అది పెరగలేదు.

సూది పడింది. నా అరచేతి కింద గర్భసంచి మెల్లగా బిగుసుకోసాగింది. ఆ బిగువు తెలిసినప్పుడు వచ్చే సంతోషం ఇన్నేళ్లయినా నాకు పాతబడలేదు. కాసేపటికి యాదమ్మ మొహం చిట్లించి, "సిస్టరమ్మా, తిప్పుతున్నది" అంది. నేను తట్ట కోసం చూసేలోపు బాలమ్మే తట్ట పట్టుకుని ముందుకు దూకింది. యాదమ్మ కక్కింది.

"వచ్చింది!" అని బాలమ్మ గట్టిగా అంది, లాటరీ తగిలినట్టు. "సిస్టరమ్మ జెప్పినట్టే వచ్చింది! కక్కు బిడ్డ, కక్కు. తలకాయ నొస్తున్నదా?"

"నొస్తున్నది అత్తా."

"మంచిగున్నది!"

వాంతులతో ఒళ్లు సోలిపోతున్న ఆ పిల్ల కూడా ఫక్కున నవ్వింది. ఈసారి నీళ్లు తాగించడానికి కూడా బాలమ్మ అడ్డు చెప్పలేదు. గుటక గుటకగా నేనే తాగించాను.

సాయంత్రం డాక్టరమ్మ వెనక గదిలో రొట్టె తుంచుతూ అడిగారు. "ఆ పిల్లతో ఏమన్నావో మళ్లీ చెప్పు." చెప్పాను. "కక్కుతవ్" అన్న మాట దగ్గర ముఖం చిట్లించారు, వాంతి అనకూడదా అని. ఇక్కడ అలాగే అంటారు మేడమ్ అన్నాను. ఆమె గోడ వైపు తిరిగి, పాఠం అప్పజెప్పే పిల్లలా, గొణుక్కుంటూ రెండు మూడుసార్లు అనుకున్నారు.

కక్కని బాలింత

కథ అక్కడితో సుఖాంతమైతే నేను ఇంత రాసేదాన్ని కాదు. ఒకటి సరిచేస్తే దాని తోక పట్టుకుని ఇంకొకటి వస్తుంది, ఈ ఉద్యోగం తీరే అంత.

సాయమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది, సూది వేస్తే కక్కుతారు, భయం లేదు అని. చెప్పీ చెప్పీ ఆ మాటకు అంచులు అరిగిపోయాయి. "కక్కితెనే సూది పట్టినట్టు" అని తేలింది. బాలమ్మ అయితే తన చిన్నకోడలు ఎలా కక్కిందో అభినయించి చూపించేది.

కొన్నాళ్లకు ఆమె తన కూతురు మణెమ్మను తీసుకొచ్చింది, తొలికాన్పుకు. యాదమ్మ పురుడు నాటి నుంచి డాక్టరమ్మ ఒక నియమం పెట్టుకున్నారు, నొప్పులతో వచ్చిన ప్రతి మనిషికి ముందు రక్తపోటు చూడాలి. మణెమ్మ పాదాలు ఉబ్బి ఉన్నాయి. పోటు బాగా ఎక్కువగా ఉంది. అలాంటి మనిషికి ఎర్గోమెట్రిన్ తాకించకూడదు. డాక్టరమ్మ ఆక్సిటోసిన్ అనే ఇంకో మందును సెలైన్ సీసాలో కలిపి సిద్ధం చేసుకున్నారు. అది చుక్కచుక్కగా ఎక్కించాలి. ఆత్రంగా ఒక్కసారే ఎక్కిస్తే ఉన్న పోటు ఒక్కసారి పడిపోతుంది. దానికి వాంతులు అరుదు. ఆ సంగతంతా మణెమ్మకు ఓపికగా చెప్పారు. బాలమ్మకు చెప్పలేదు, ఎందుకంటే ఆమె అప్పుడు బయట అరుగు మీద కూర్చుని ఇంకో గర్భిణికి యాదమ్మ కథ చెబుతోంది.

పురుడయ్యాక మణెమ్మకు నెత్తురు కొంచెం ఎక్కువే పోయింది. సీసా పెట్టాం, పొట్ట రుద్దాం, ఆగింది. బాలమ్మ తట్ట పట్టుకుని తయారుగా నిలబడింది. చూసింది, చూసింది. కూతురు ప్రశాంతంగా బిడ్డకు పాలిస్తోంది.

"ఇంకా కక్కుతలేదేంది?"

"కక్కదు అవ్వా. ఈమెకు వేరే మందు పెట్టినం."

"వేరే మందా?" ఆమె గొంతు లేచింది. "కోడలికి అసలుది, నా బిడ్డకు నీళ్లా? అసలు సూది ఏయుండ్రి. ఏయకపోతే చౌరస్తల పోరగాండ్లను పిలుస్త!"

నవ్వు వచ్చింది, భయం కూడా వేసింది. నిజంగా ఆ సూది వేస్తే మణెమ్మకు ఫిట్స్ రావచ్చు, తలలో నరం చిట్లవచ్చు. బయట కుర్రాళ్లకు ఆంధ్రా డాక్టరు అన్న ఒక్క మాట చాలు. డాక్టరమ్మ మాట్లాడబోతే నేను ఆపి, బాలమ్మ చేతిలోని తట్ట తీసి కింద పెట్టాను. ఆమె అరచెయ్యి పట్టుకుని మణెమ్మ బొడ్డు కింద ఆనించాను.

"గట్టిగ ఒత్తి జూడు అవ్వా. ఏం తగుల్తున్నది?"

బాలమ్మ వేళ్లు తడుముకున్నాయి. "బత్తాయి తీరు... గట్టిగున్నది."

"గదే లెక్క. గది గట్టిగుంటే నెత్తురు పోదు. మెత్తగైతే పోతది. కక్కుడు లెక్క గాదు. మీ మణెమ్మకు రక్తం పోటు ఎక్కువున్నది, ఆ సూది పొడిస్తే నిజంగనే నెత్తికెక్కుతది. నీ చెయ్యి గిట్లనే పెట్టి కూసో. మెత్తగైతే నన్ను పిలువు."

ఆమె కూర్చుంది. దర్బారులో కూర్చున్నట్టు కూర్చుంది. సాయంత్రం దాకా ఆ చెయ్యి తీయలేదు, మధ్యమధ్యలో "గట్టిగనే ఉన్నది" అని మాకు కబురు చెబుతూనే ఉంది. పోయేముందు డాక్టరమ్మ దగ్గరికి వచ్చి, "జర కోపమొచ్చింది, మనసుల పెట్టుకోకు" అంది. "నాకూ వచ్చిందిలే" అన్నారు డాక్టరమ్మ.

ఆ తర్వాత నేను చేవెళ్లలో రిటైరయ్యేదాకా ఒక అలవాటు వదలలేదు. ప్రతి బాలింత పక్కన ఉన్న తల్లికో, అత్తకో చెయ్యి పట్టుకుని గర్భసంచి చూపించడం. బాధ్యత ఇస్తే మనుషులు మారిపోతారు. వార్డులో అందరికంటే ఎక్కువ గొడవ పెట్టే మనిషే మీకు అందరికంటే మంచి కాపలా అవుతుంది, ఇది మాత్రం నేను ఒట్టు వేసి చెప్పగలను. మందు గురించి చెప్పేటప్పుడు వచ్చే బాధను గెలుపు గుర్తుగా చెప్పకండి. రావచ్చు, రాకపోవచ్చు అని చెప్పండి. ఏది వస్తే కంగారుపడాలో, ఏది వస్తే ఓపికపట్టాలో విడదీసి చెప్పండి. తలనొప్పి తగ్గకుండా చూపు మసకబారితే వెంటనే పిలవమనండి. ఇంకోటి, మంచం మీది మనిషికి చెప్పండి, ఆమె చుట్టూ నిలబడ్డవాళ్లకు మాత్రమే కాదు. ఇప్పుడు మందులు మారాయి. కొన్నింటికి చలి పుట్టి ఒళ్లు వణుకుతుంది, జ్వరం వస్తుంది. పేర్లు మారినా, ఆ మంచం మీద పడుకున్న మనిషి భయం మారలేదు.

నా వంతు

నాకు నొప్పులు డ్యూటీలో ఉండగానే మొదలయ్యాయి. అదీ బంద్ రోజే. డాక్టరమ్మ ముందు రోజే వచ్చి, తిరిగి పోవడానికి బస్సు లేక మా వెనక గదిలోనే ఉన్నారు. మా ఆయన పట్నంలో చిక్కుకుపోయారు. అమ్మ చేవెళ్లలో ఉంది, వచ్చే దారి లేదు. అమ్మ చెయ్యి పట్టుకుని కనాలని ఎన్ని నెలలుగా అనుకున్నానో. బల్ల ఎక్కుతుంటే ఏడుపొచ్చింది.

ఆ పొద్దున బాలమ్మ సాయమ్మను వెంటబెట్టుకుని మనవరాలికి టీకా వేయించడానికి వచ్చింది. నా సంగతి విని పిల్లను యాదమ్మ చేతిలో పెట్టి లోపలికి వచ్చేసింది. "అవ్వ లేకుంటే నేను లేనా?" అని నా తల దగ్గర నిలబడింది.

ఆడపిల్ల పుట్టింది. ఏడుపు విన్నాను. మాయ పడింది. తర్వాత తొడల కింద వెచ్చగా, ఆగకుండా తగిలింది. నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. సాయమ్మ ముఖం చూస్తే చాలు.

ఆ మందు గురించి ఆ చుట్టుపక్కల డాక్టరమ్మ తర్వాత నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అది ఎంతసేపట్లో పనిచేస్తుందో, ఏం చేస్తుందో అన్నీ తెలుసు. అయినా ఆ బల్ల మీద పడుకున్నప్పుడు నేను నర్సును కాదు. చెవుల్లో హోరు. బిడ్డను ఇంకా సరిగా చూడనేలేదని ఒకటే ఆలోచన. యాదమ్మ అడిగిన ప్రశ్నే నా నోటి దాకా వచ్చింది.

డాక్టరమ్మ నా చేతికి పోటు చూసే పట్టీ చుట్టి, చూసి, విప్పారు. సూది తీసుకుని నా ముఖం మీదికి వంగారు. ఆమె నుదురంతా చెమట. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అన్నారు.

"మార్తా, ఇటు జూడు. నెత్తురు పోతున్నది. ఈ సూది ఏస్తే ఆగుతది. కడుపుల తిప్పుతది, కక్కుతవ్. తలకాయ నొస్తది. వస్తయ్, పోతయ్. ఏయమంటవా?"

ఆ మాటలు నావే. ఎంతమందికి చెప్పానో. అంతవరకు నాకు ఎవరూ చెప్పలేదు, అంతే. బయట చౌరస్తాలో నినాదాలు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఏయండి" అన్నాను.

బాలమ్మ అరచెయ్యి అప్పటికే నా పొట్ట మీద ఉంది. సూది పడింది. నేను ఎదురుచూశాను, ఆమె ఎదురుచూసింది. "మెత్తగున్నది... మెత్తగున్నది..." అంటూ ఉన్నట్టుండి ఆమె గొంతు మారింది. "గట్టిగైతున్నది బిడ్డ. బత్తాయి తీరు. ఫికర్ చెయ్యకు."

ఆ వెంటనే కడుపులో తిప్పింది. తట్ట ఎవరూ అందుకోలేదు, అంతా డాక్టరమ్మ చీర మీదే పడింది. ఆమె కదల్లేదు. నా తల పట్టుకుని, మూతి తుడిచి, ఇంకా నా ముఖంలోకే చూస్తూ కొంచెం సందేహంగా అడిగారు.

"సరిగ్గా చెప్పానా?"

నవ్వబోయాను, మళ్లీ వాంతి వచ్చింది.